ముక్కు మేస్త్రి చొక్కా

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవాళ్ళు. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తొచ్చేది కాదు. గొట్టాల జాయింట్లలో ఎక్కడ గ్యాసు లీకవుతున్నా వాసన పట్టి చెప్పేస్తాడని ఆ పేరు వచ్చింది. పేరు బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే, ఆయనకి వాసన తెలియదు. మల్లెపూవు తెచ్చి పెట్టినా, మురుగుకాలవ పక్కన నిలబెట్టినా ఆ ముక్కుకి తేడా ఉండదు. ఈ సంగతి ఆయనకీ, ఆయన భార్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ ఇంట్లోనే ఉంటున్న సొంత అక్కకి కూడా తెలియదు.

ఆ ఫ్యాక్టరీలో రంగులకీ, జిగుర్లకీ, మందులకీ కావలసిన ద్రవాలు తయారయ్యేవి. గోడకి ఇవతల పనివాళ్ళ ఇళ్ళు. గాలి ఇటు తిరిగిందంటే ఒకరోజు మాగిపోయిన అరటిపండు వాసన, ఒకరోజు గోళ్ళరంగు వాసన, ఇంకోరోజు చేపల కంపు. కాలనీలో ఆడవాళ్ళు గాలి ఎటుందో చూసుకుని బట్టలు ఆరేసేవాళ్ళు. అందరూ కలిసి పొగగొట్టాన్ని తిట్టేవాళ్ళు. అది ఎత్తుగా ఉండి అందరికీ కనిపిస్తుంది కాబట్టి తిట్లన్నీ దానికే తగిలేవి. నిజానికి ఆ పాపంలో చాలా భాగం కింద ఉన్న గొట్టాలది. జాయింటు దగ్గరో, వాల్వు మెడ దగ్గరో, పంపు దగ్గరో కంటికి ఆననంత సందు ఉంటుంది. ఒక్కో సందులోంచి వచ్చేది ఒక ఊపిరంతే. అలాంటి సందులు ఫ్యాక్టరీ నిండా ఉంటే కాలనీ కాలనీయే ముక్కు మూసుకోవాలి.

మేస్త్రి ముక్కు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పోయింది. ట్యాంకు కడగడానికి దిగినప్పుడు, అడుగున మిగిలిన గ్యాసు కొట్టి పడిపోయాడు. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఏమీ కాలేదు, అదృష్టవంతుడివి అని పంపించేశారు. ఆ మాట నమ్మాడు కాబట్టి ఏమైందో ఆయనకే చాన్నాళ్ళు తెలియలేదు. కనిపెట్టింది భార్య.

పొద్దున వండిన కూర ఆవేళ ఎండకి పాడైపోయింది. పారబోద్దామని గిన్నె గట్టు మీద పెట్టి, ఆవిడ ఆరిన బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన ఆ గిన్నె ముందేసుకుని, అన్నంలో కలుపుకుని తృప్తిగా తింటున్నాడు.

"ఈవేళ కూర అదిరిందే. పులుపు కరెక్టుగా పడింది" అన్నాడు.

ఆవిడ గిన్నె లాగేసుకుంది. గిన్నెకన్నా ముందు ఆవిడకి ఇంకో సంగతి గుండెల్లో గుచ్చుకుంది. పెళ్ళైనప్పటినుంచీ ఆయన తన వంటని మెచ్చుకున్న మెప్పులన్నీ ఒక్కసారిగా వరసకట్టి కళ్ళముందు నిలబడ్డాయి.

ఎవరికీ చెప్పొద్దన్నాడు ఆయన. చెప్పలేదు ఆవిడ.

ఆ తరవాత కొన్నాళ్ళకి, పెరట్లో బట్టలుతికే చోట ఆవిడ ఆయన చొక్కా నీళ్ళలో వెయ్యబోతూ ఆగి, "ఏమండీ, చేపల మార్కెట్‌కి గానీ వెళ్ళారా?" అంది.

"లేదే. ఏం?"

"చొక్కా కంపు కొడుతోంది. ముఖ్యంగా కుడిచెయ్యి."

ఆయన కాసేపు ఆ చొక్కా వంక చూశాడు. ఆవేళ కుడిచేత్తో ఎక్కడెక్కడ పట్టుకున్నాడో ఒక్కొక్కటే తలుచుకున్నాడు. మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళి, చేపల కంపు కొట్టే ద్రవం పారే లైను దగ్గర జాయింట్లకి సబ్బు నురగ రాసుకుంటూ పోయాడు. లీకున్నచోట నురగ బుడగలు బుడగలుగా ఉబ్బుతుంది. మూడో నాలుగో జాయింటు దగ్గర ఉబ్బింది. ఎవరికీ పత్తా లేని లీకు దొరికింది. మేనేజరు వచ్చి భుజం తట్టి, "ఎలా కనిపెట్టావయ్యా?" అని అడిగాడు. మనిషి అన్నాక కొన్ని ప్రశ్నలకి జవాబు దానంతటదే నోట్లోంచి జారుతుంది.

"వాసన పట్టానండీ" అన్నాడు మేస్త్రి.

అదీ మొదలు. రోజూ సాయంత్రం పెరట్లో చొక్కా విప్పి ఇచ్చేవాడు. ఆవిడ భుజం, కాలరు, చేతులు విడివిడిగా వాసన చూసి చెప్పేది. "ఇక్కడ అరటిపండు. ఇక్కడ కొత్త రబ్బరు చెప్పు. జేబు దగ్గర బ్లీచింగ్ పౌడరు, కొంచెం." మర్నాడు ఆయన వెళ్ళి నురగ రాసేవాడు. ముక్కు ఆవిడది, నురగ ఆయనది. ఊరికే నురగ రాస్తే పేరెలా నిలుస్తుంది? నలుగురూ ఉన్నప్పుడు తలెత్తి, కళ్ళు సగం మూసి, గాలి ఒకసారి గట్టిగా పీల్చి, వేలు చూపించి నడిచేవాడట. ఈ నాటకం సంగతి ఆవిడకి పంపులాయన చెప్పాడు. పంపుల సెక్షన్‌లో పనిచేసే ఆయన మేస్త్రికి తమ్ముడి వరస, పక్కవీధిలోనే ఇల్లు.

"వదినా, అన్నయ్య గాలి పీలుస్తుంటే ఇంజనీర్లు కూడా ఊపిరి బిగబట్టుకుని నిలబడతారనుకో" అనేవాడు.

"వాళ్ళు బిగబట్టేది కంపుకేమో" అనేది ఆవిడ, కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా.

మేస్త్రి అక్క అంతకన్నా పొంగిపోయేది. తన భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉండేది. "మా నాన్న ముక్కే వీడికొచ్చింది. ఆయన మంచంలోంచి లేవకుండానే పక్కింట్లో ఏం మాడిందో చెప్పేవాడు" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. తరవాత మరదలివైపు తిరిగి, "ఇంత ముక్కున్నవాడు నీ వంట ఎలా తింటున్నాడో నాకర్థం కాదమ్మాయ్" అనేది.

"ముక్కు మూసుకుని తింటున్నారేమో వదినా" అనేది ఆవిడ.

మేనేజరుకి మేస్త్రి ముక్కు ఇంకోరకంగా ఉపయోగపడింది. గాలి పాడవుతోందని కాలనీవాళ్ళు మొరపెట్టుకున్నప్పుడల్లా పైనుంచి ఆఫీసర్లు వచ్చేవాళ్ళు. లీకులు పట్టే మీటర్లు ఎందుకు తెప్పించలేదని అడిగేవాళ్ళు. మేనేజరు నవ్వి మేస్త్రిని పిలిపించేవాడు. మేస్త్రి ముందురోజు పెరట్లో పాఠం చెప్పించుకుని వచ్చేవాడు కాబట్టి, గాలి పీల్చి, వేలు చూపించి, నురగ ఉబ్బించి చూపించేవాడు. ఆఫీసర్లు ఆశ్చర్యపోయి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. చొక్కాకి అంటిన లీకులు దొరికేవి. మేస్త్రి అటు వెళ్ళని గొట్టాలూ, చొక్కాకి అంటనంత ఎత్తులో ఉన్న జాయింట్లూ హాయిగా ఊపిరి వదులుకుంటూ ఉండేవి. అంటే కాలనీలో ఆ కంపు పోకుండా కాపాడుతున్నవాళ్ళలో ఆవిడ కూడా ఒకతె. ఈ సంగతి ఆవిడకి అప్పుడప్పుడు తట్టేది, ముఖ్యంగా పక్కవీధి పసిపిల్లలు ఎడతెగకుండా దగ్గుతున్నప్పుడు. తట్టినా, ఆయన విప్పి ఇచ్చిన చొక్కా అందుకోకుండా ఎలా ఉంటుంది?

ఇలా ఉండగా రూల్సు మారాయి. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ టీ తాగే రకం కాదు. ప్రతి జాయింటుకీ నంబరు బిళ్ళ కట్టాలి, ప్రతిదాన్నీ మీటరుతో చూడాలి, లీకు కనబడితే గడువులోగా బిగించి మళ్ళీ చూపించాలి అంది. మేనేజరు మామూలుగానే మేస్త్రిని పిలిపించాడు. ఆఫీసరమ్మ ఆ గాలి పీల్చుడంతా ఓపిగ్గా చూసింది.

"మీ మేస్త్రి ముక్కు మీటరుతో సమానమంటారు?" అంది మేనేజరుతో.

"మీటరుకైనా అప్పుడప్పుడు రిపేరు వస్తుంది మేడమ్."

"అయితే మంచిదే. వచ్చేవారం మా వ్యాను ఇక్కడికొస్తుంది. కాలనీలో వాసన చూసి చెప్పడానికి కొంతమందిని ఎంపిక చెయ్యాలి. ఆ పరీక్షకి ఈయన్నీ కూర్చోబెట్టండి. నెగ్గితే మీ మాట ఆలోచిస్తాను. నెగ్గకపోతే మీటరు తెప్పించండి. ఇంకోమాట, వాసన తెలియనివాళ్ళని గ్యాసు లైన్ల దగ్గర ఉంచడానికి వీల్లేదు. ముఖ్యంగా ఆ ఎర్రగొట్టం దగ్గర."

ఎర్రగొట్టం అంటే ఆ రంగు వేసిన ఒక లైను. అందులో వెళ్ళే గ్యాసు వాసన తగిలితే చేతిలో పని వదిలేసి గాలికి ఎదురుగా పరిగెత్తాలని చేరిన రోజే అందరికీ నేర్పుతారు. వాసన రాగానే పరిగెత్తాలి. అంతకుమించి ఆ లైనుకి వేరే గంట లేదు.

మేస్త్రి ఆ సాయంత్రం చొక్కా విప్పడం కూడా మర్చిపోయి పెరట్లో గట్టు మీద కూలబడ్డాడు.

"పరువు పోతుందే" అన్నాడు. "ఇన్నేళ్ళూ మోసం చేశానంటారు. గేటు దగ్గర కుర్చీలో పడేస్తారు."

"గేటు దగ్గర కుర్చీకేం?"

"నీకు తెలీదు. గేటు మేస్త్రి అంటే కుక్కని తోలేవాడితో సమానం." దగ్గరికి జరిగాడు. "నువ్వూ పరీక్షకి పేరియ్యి. కాలనీవాళ్ళు ఎవరైనా ఇవ్వొచ్చట. మా ఆవిడ ఒక్కత్తీ కూర్చోలేదు, బిడియస్థురాలు, పక్కన నేనుండాలి అంటాను. అందరికీ ఒకేసారి మూడు గొట్టాలు వస్తాయట. రెండిట్లో ఉత్తి గాలి, ఒకదాంట్లో వాసన. ఏ గొట్టమో చెప్పాలి. మధ్యన అట్టలు పెడతారు కాబట్టి కనబడదు. వినబడుతుంది. మొదటి గొట్టమైతే ఒకసారి దగ్గు. రెండోదైతే రెండు. మూడోదైతే మూడు."

"దగ్గొస్తే రానివ్వరేమోనండీ."

"కాస్త దగ్గితే ఏం కాదులే. ఫ్యాక్టరీ పక్క బతుకుతున్నాం, ఎవరు దగ్గట్లేదు?"

ఆవిడ సరేనంది. ఆయన మొహంలో ప్రాణం వచ్చింది. పెరట్లో కూర్చుని ఇద్దరూ దగ్గులు సాధన చేశారు. లోపల్నుంచి ఆవిడ వదిన, అదే మేస్త్రి అక్క, "ఏమర్రా, ఇద్దరికీ ఒకేసారి పట్టుకుందా?" అని కేకేసింది.

పరీక్షకి ముందురోజు చొక్కా అందుకుని వాసన చూసిన ఆవిడకి కొత్తగా అనిపించింది. మళ్ళీ చూసింది. బాగుంది. ఆ చొక్కాకి ఎన్నడూ అంత మంచి వాసన అంటలేదు.

"పచ్చగడ్డి కోసినట్టుంది" అంది. "తోటపని చేశారా ఏంటి?"

ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు నీళ్ళు కొట్టుకుంటూ ఉండిపోయాడు.

ఇంతలో పంపులాయన వచ్చాడు, వస్తూనే దణ్ణం పెట్టాడు. "వదినా, అన్నయ్యకి పెట్టాలి ఈ దణ్ణం. ఇంట్లో లేడా, నువ్వే తీసుకో. ఈవేళ ఎర్రగొట్టం దగ్గర వాల్వు మెడ వదులైంది. పచ్చగడ్డి వాసన తగలగానే అందరం లగెత్తాం. నేనైతే చెప్పు కూడా వదిలేశాను. వెనక్కి తిరిగి చూద్దుము కదా, అన్నయ్య ఒక్కడే అక్కడ నిలబడి, రెంచీ పట్టుకుని, ఏమీ కానట్టు బిగిస్తున్నాడు. ముఖాన కంగారు లేదు. మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. ధైర్యమంటే ఇదీ అన్నాడు."

"మా తమ్ముడు చిన్నప్పటినుంచీ అంతే" అంది వదిన. "పిడుగు పడ్డా కదలడు."

ఆవిడ చేతిలో చొక్కా ఇంకా అలాగే ఉంది. మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, పంపులాయన మెప్పులకి నవ్వబోయి, నవ్వు మధ్యలో దగ్గాడు. సన్నని పొడిదగ్గు. ఆ రాత్రంతా ఆ దగ్గు ఆగలేదు. ఆవిడ పక్కన పడుకుని విన్నది.

పరిగెత్తినవాళ్ళకి వాసన తెలుసు. ఆయనకి తెలియలేదు, అందుకే నిలబడ్డాడు. నిలబెట్టింది ఎవరు? రోజూ చొక్కా వాసన చూసి పేరు తెచ్చిపెట్టింది తనే. ఆ పేరు చూసే కదా ఆయన్ని ఎర్రగొట్టం పక్కన పెట్టారు. రేపు తను దగ్గితే ఆయన నెగ్గుతాడు. నెగ్గితే ఎల్లుండి మళ్ళీ ఆ గొట్టం దగ్గరికే వెళ్తాడు. ఈసారి చప్పట్లు వినడానికి ఆయన ఉండకపోవచ్చు.

మర్నాడు స్కూల్లో ఒక గదిలో పరీక్ష పెట్టారు. సెంటు పూసుకోకూడదు, పొడరు రాసుకోకూడదు, ఉల్లిపాయ తినకూడదు, టీ తాగకూడదు అన్నారు. వదిన తోడొచ్చింది. తమ్ముడి గొప్ప చూద్దామని వచ్చి, ఒక కుర్చీ ఖాళీగా ఉందంటే పోనీ అని అందులో తనూ కూర్చుంది. గుండ్రంగా ఒక యంత్రం, చుట్టూ కుర్చీలు, కుర్చీకీ కుర్చీకీ మధ్య అట్ట. ఒక్కొక్కరి ముందూ మూడు గాజుగొట్టాలు, మూడు బటన్లు. యంత్రంలోంచి చల్లగా గాలి వస్తుంది. వాసన వచ్చిన గొట్టం బటన్ నొక్కాలి. మొదట కాస్త గాఢంగా పంపిస్తారు, తరవాత తరవాత పలచన చేసుకుంటూ పోతారు.

మొదటిసారి వాసన రెండో గొట్టంలోంచి వచ్చింది. ఆవిడకి వంగకుండానే తెలిసింది. రెండో బటన్ నొక్కింది. అట్టకి అవతల ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆయన ఊపిరి ఆవిడకి వినబడుతూనే ఉంది.

ఆవిడ దగ్గలేదు.

అవతల గొంతు సవరించిన చప్పుడైంది. మర్చిపోయావా అన్నట్టు. తరవాత ఆయన బటన్ టిక్కున నొక్కుకుంది, ఏదో ఒకటి. మళ్ళీ గాలి వచ్చింది. ఈసారి మొదటి గొట్టం. ఆవిడ నొక్కింది. చిత్రంగా అప్పుడే గొంతులో నిజంగా గరగర మొదలైంది. పెళ్ళైనప్పటినుంచీ ఏదీ అంతగా బిగబట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అట్టకి అవతల కాలి చెప్పు నేలకేసి కొట్టిన చప్పుడు, ఒకసారి, రెండుసార్లు. ఆవిడ మింగింది. మూడో గొట్టం. మళ్ళీ రెండోది. బిందెడు నీళ్ళలో ఒక చుక్క కలిపి, అందులోంచి ఒక చుక్క మరో బిందెలో వేసినంత పలచనైపోయినా ఆవిడకి వాసన తెలుస్తూనే ఉంది. చివరికి చెప్పు చప్పుడు ఆగిపోయింది. గొంతు సవరింపులు ఆగిపోయాయి. టిక్కు, టిక్కు అని ఆయన బటన్లు మాత్రం, చీకట్లో తాళంచెవి వెతుక్కుంటున్నట్టు.

ఆఫీసరమ్మ కాగితాలు చూసి మేనేజరునీ, వాళ్ళిద్దర్నీ పిలిచింది.

"ఈయనకి వాసన తెలియదండీ. కొంచెం కూడా. చాలా ఏళ్ళయి ఉండాలి."

మేనేజరు మేస్త్రి ముక్కువైపు చూశాడు, అది ఇంకా మొహాన ఉందో లేదో అన్నట్టు.

"ఈవిడ కూడా మాకు పనికిరారు" అంది ఆఫీసరమ్మ. "ఈవిడకి మరీ ఎక్కువ తెలుస్తోంది. మా యంత్రం ఏ వాసనా పంపనప్పుడు కూడా ఏదో వస్తోందంటున్నారు, తీరా చూస్తే గొట్టం కడిగిన సబ్బు వాసన. ఈ పనికి మామూలు ముక్కులే కావాలి, నలుగురికి తెలిసేంత తెలిస్తే చాలు." తరవాత ఇద్దరినీ చూసి నవ్వింది. "మీ ఇద్దర్నీ కలిపి సగం చేస్తే మాకు సరిగ్గా సరిపోయేది."

పెళ్ళి కుదిర్చిన పెద్దలు అంతదూరం ఆలోచించి ఉండరు గానీ, ఆ ఇల్లు ఇన్నేళ్ళూ నడిచింది ఆ సగం లెక్క మీదే.

ఇక ఎంపికైంది ఎవరయ్యా అంటే, తోడొచ్చిన వదిన. "మీది చక్కని మామూలు ముక్కండీ" అని ఆఫీసరమ్మ మెచ్చుకుంటే ఆవిడ మొహం మాడ్చుకుంది. "మామూలుదంటారేంటి, మా నాన్న ముక్కు ఇది" అంది. అయినా ఆ తరవాత నెలనెలా వ్యానెక్కి, గాలికి నిలబడి, ఎంత కంపుందో చెప్పే పని ఆవిడే చేసింది. కాలనీలో ఆవిడ నడక మారిపోయింది.

మేస్త్రిని గేటు దగ్గర వేశారు. వచ్చిన లారీవాళ్ళ అగ్గిపెట్టెలు తీసుకుని పెట్టెలో వెయ్యడం, వెళ్ళేటప్పుడు తిరిగివ్వడం ఆయన పని. ఇంట్లో భార్యతో మాట మానేశాడు. ఏం కావాలన్నా అక్కతో చెప్పేవాడు.

"అక్కా, టీ పెట్టమను."

"అమ్మాయ్, టీ పెట్టమంటున్నాడు."

"పంచదార అయిపోయిందని చెప్పండి వదినా."

"ఏరా, పంచదార లేదట. ఇదిగో, మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా పోస్టుమ్యాన్నా? నాకు వ్యాన్ పనుంది."

చొక్కా మాత్రం రోజూ పెరట్లో విప్పి తాడు మీద వేసి వెళ్ళేవాడు, ఆవిడ చేతికివ్వకుండా.

మీటర్లు వచ్చాయి. వాటిని పట్టుకుని తిరగడానికి పంపులాయన కోడలు చేరింది. బిడ్డతల్లి, నెమ్మదస్థురాలు, ఆ చదువు చదివిన పిల్ల. భుజానికి పెట్టె తగిలించుకుని, చేతిలో సన్నని గొట్టం పట్టుకుని ఒక్కో జాయింటు చుట్టూ తిప్పేది. పెట్టెలో అంకె పైకెళ్తే లీకున్నట్టు. అందరూ ఆమెని మీటర్ మేడమ్ అనడం మొదలెట్టారు. మొదటి విడతలోనే అంకె పైకెళ్ళిన జాయింట్లకి ఎర్రబిళ్ళలు కడుతూ పోతే, ఫ్యాక్టరీ పెళ్ళిపందిరిలా తయారైంది. ఒక్కొక్కటే బిగించారు. వాషర్లు మార్చారు. పంపులకి కొత్త సీళ్ళు వేశారు. ఎర్రగొట్టానికి నిజంగానే గంట పెట్టారు. బిగించినవాటిని ఆమె మళ్ళీ మీటరుతో చూసింది, వదులైతే మళ్ళీ బిగించారు.

కొన్నాళ్ళకి కాలనీలో ఆడవాళ్ళు గాలి ఎటుందో చూసుకోకుండా బట్టలు ఆరెయ్యడం మొదలెట్టారు. ఎవరికీ అది ఏరోజు మొదలైందో తెలియదు. ఫ్యాక్టరీవాళ్ళు గేటు మీద పెద్ద బోర్డు పెట్టారు, స్వచ్ఛమైన గాలి మా బాధ్యత అని. ఆ బోర్డు కిందే మేస్త్రి కుర్చీ. బాధ్యత నీడలో కూర్చుని ఆయన అగ్గిపెట్టెలు చూసుకునేవాడు.

ఒక సాయంత్రం ఆయన చొక్కా విప్పాడు. తాడు మీద వెయ్యబోయి, ఆగి, భార్య చేతికిచ్చాడు.

"ఈవేళేం వాసన?" అన్నాడు.

ఎన్నాళ్ళ తరవాతో విన్న మాట. ఆవిడ తొందరపడలేదు. కాలరు చూసింది, చేతులు చూసింది. "టీకొట్టు బెంచీ మీద కూర్చున్నారు. లారీ డీజిలు. ఒక డ్రైవరు సిగరెట్టు మీ మొహం మీదే వదిలాడు. జేబులో అగ్గిపెట్టె ఉంది, ఎవరికో తిరిగివ్వడం మర్చిపోయారు."

ఆయన జేబులో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీసి చూసుకున్నాడు. పెదవి చివర నవ్వు కదిలింది.

"ఆరోజు నీకు దగ్గు రాలేదేం?" అన్నాడు, అగ్గిపెట్టెనే చూస్తూ.

"రాలేదు."

"ఊఁ." అగ్గిపెట్టె గట్టు మీద పెట్టి, "ఈమధ్య నాకూ రావట్లేదు" అన్నాడు.

ఆ విషయం వాళ్ళు అంతకన్నా మాట్లాడుకోలేదు. మర్నాటినుంచీ చొక్కా చేతికే వచ్చింది. గేటు దగ్గర జరిగిన భోగట్టా అంతా ఆవిడ చొక్కాలో చదివి చెప్పేది, ఆయన అవునని తలూపేవాడు. ఆ ముక్కుతో ఇప్పుడు ఎవరికీ ఏ లాభమూ లేదు. అందుకే కాబోలు, ఆ సాయంత్రాలు అంత హాయిగా ఉండేవి. పచ్చగడ్డి వాసన మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆయన పోయింది కూడా ఆ కుర్చీలోనే. ఏళ్ళు గడిచాక, రిటైరవడానికి కాస్త ముందు, మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే. గుండె అన్నారు. గ్యాసూ కాదు, గొట్టమూ కాదు, మామూలుగా మనుషులు పోయే తీరులోనే పోయాడు. ఎవరికైనా చెప్తే అదొక ఓదార్పా అంటారని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఫ్యాక్టరీలో సంతాపసభ పెట్టారు. మేనేజరు, జుట్టు నెరిసిపోయి, మైకు ముందు మాట్లాడాడు. "ఈవేళ మన గాలి ఇంత శుభ్రంగా ఉందంటే ఆయన ముక్కు పుణ్యమే" అన్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఆవిడ కూడా వంచుకుంది. ఆలోచిస్తే ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆ ముక్కు పనిచేసి ఉంటే మీటర్లు వచ్చేవి కావు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక, ఒకరోజు మీటర్ మేడమ్ చూడ్డానికి వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, పెట్టె భుజానే ఉంది. వదిన టీ ఇచ్చి, "ఈ పెట్టెకన్నా నా ముక్కే నయం" అని ఒక మాట అనేసి లోపలికెళ్ళింది. ఆమె గదిలో గోడవైపు చూసింది. మేకుకి మేస్త్రి చొక్కా వేలాడుతోంది. ఆ చివరిరోజుది. ఆసుపత్రి నుంచి సంచీలో పెట్టి ఇచ్చారు.

"ఉతకలేదా పెద్దత్తయ్యా? ఉతికి పెడితే పాడవకుండా ఉంటుంది. పోనీ, నేనుతికి పెట్టనా?"

ఆవిడ మేకువైపు చూపించి, "ఆ మీటరు ఒకసారి ఆ చొక్కా దగ్గర పెట్టమ్మా" అంది.

ఆ పిల్ల విడ్డూరంగా చూసింది. కానీ పెద్దావిడ మాట కాదనలేక పెట్టె స్విచ్చి నొక్కి, సన్నని గొట్టాన్ని కాలరు దగ్గర, భుజాల దగ్గర, చేతుల దగ్గర నెమ్మదిగా తిప్పింది, జాయింట్ల చుట్టూ తిప్పినంత శ్రద్ధగా. జేబు దగ్గర కాసేపు ఆపింది. అంకె కదల్లేదు.

"ఏమీ లేదు పెద్దత్తయ్యా. సున్నా" అంది.

"సున్నాయేనా?"

"సున్నాయే."

ఆవిడ లేచి మేకు దగ్గరికి వెళ్ళి, చొక్కా తియ్యకుండానే కాలరు దగ్గరికి మొహం వంచింది. అందులో టీకొట్టు బెంచీ ఉంది. డీజిలుంది. ఎవరిదో అగ్గిపెట్టె ఉంది. వాటన్నిటి కింద, ఏ ఫ్యాక్టరీలోనూ తయారవని ఇంకొకటి ఉంది. నిన్నటికన్నా కొంచెం పలచబడింది. రేపటికి ఇంకొంచెం పలచబడుతుంది.

"మీ మీటరు బాగా పనిచేస్తోందమ్మా" అంది ఆవిడ. "టీ చల్లారిపోతోంది, తాగు."